సింగపూర్‌లో ఒక ఆదివారం ఉండేలా చూసుకోండి

సింగపూర్ వెళ్తున్నామని ఎవరు చెప్పినా నేను మొదట అడిగేది, మధ్యలో ఆదివారం వస్తుందా అని. మెరీనా బే దీపాలు ఏ రోజైనా వెలుగుతాయి. ఆ ఊరిని కట్టేవాళ్లు, ఇళ్లు తుడిచేవాళ్లు, ముసలివాళ్లకీ పిల్లలకీ అన్నం పెట్టేవాళ్లు మాత్రం ఆ ఒక్కరోజే తమకోసం బయటికి వస్తారు.

అమ్మా నేనూ ఐదు రోజులున్నాం. బస లిటిల్ ఇండియాలో, రాత్రికి 110 సింగపూర్ డాలర్లు. గదిలోకి అడుగుపెట్టగానే అమ్మ కర్టెన్ జరిపింది. వెనకాల గోడే ఉంది, కిటికీ లేదు. అడిగితే బుకింగ్ పేజీలో అడుగున రాశాం కదా అన్నారు. అక్కడి చవక హోటళ్లలో ఇది మామూలేనట. మీరు మాత్రం ‘విండో’ అన్న మాట ఉందో లేదో చూసుకునే డబ్బు కట్టండి. రెండో రోజు ఇంకో 20 డాలర్లు వేసి గది మారాం. అంత జరిగినా మళ్లీ వెళ్తే ఆ పేటలోనే దిగుతాను. ఎమ్మార్టీ అనే మెట్రో రైలు లైన్లు రెండు అక్కడే కలుస్తాయి, తిండికొట్లుండే టెక్కా సెంటర్ పక్కనే. టికెట్ల గొడవ లేదు, అంతర్జాతీయ చెల్లింపులు ఆన్ చేసిన కార్డు గేటు దగ్గర తాకిస్తే చాలు. రైల్లో జాగ్రత్తలు ఇంగ్లిష్, చైనీస్, మలయ్, తమిళంలో వినిపిస్తాయి. తమిళం వచ్చినప్పుడల్లా అమ్మ నా వైపు చూసి తలూపేది.

పాత పేటలు చాలామటుకు 1822లో బ్రిటిష్ అధికారి రాఫిల్స్ వేయించిన పట్నం ప్లాను నాటివి. చైనీయులు ఇటు, అరబ్బులు అటు, సులవేసి దీవి నుంచి వచ్చిన బుగీలు ఇంకోవైపు అని గీత గీసి పంచారు. జనం మాత్రం గీతల్లో ఉండలేదు. చైనాటౌన్ సౌత్ బ్రిడ్జ్ రోడ్డు మీద దక్షిణ భారతం నుంచి వచ్చిన చూలియా ముస్లింల జామే మసీదు 1826 నాటిది, దానికి కాస్త దూరంలో ఊళ్లోకెల్లా పాత హిందూ గుడి, శ్రీ మారియమ్మన్ ఆలయం, 1827 నాటిది. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం గుడి మూసేస్తారు. చుట్టుపక్కల వీధులు ఇప్పుడు ఫ్రిజ్ మాగ్నెట్లు, టీషర్టుల కొట్లతో నిండిపోయాయి. వాటికోసం అరపూట పెట్టక్కర్లేదు.

ముస్లింల పాత పేట కాంపాంగ్ గ్లామ్‌లో సుల్తాన్ మసీదు దగ్గర మాత్రం ఆగండి. ఆ బంగారు గుమ్మటం కింద నల్లటి పట్టీ ఒకటి ఉంటుంది. దూరం నుంచి రంగేమో అనుకుంటాం. తేరిపార చూస్తే అన్నీ గాజు సీసాల అడుగులు. ఇప్పుడున్న కట్టడం 1932లో పూర్తయింది. డబ్బున్నవాళ్లు చందాలిస్తే, లేనివాళ్లు ఖాళీ సీసాలిచ్చారు. అందరి చెయ్యీ పడాలని వాటిని గుమ్మటం కిందే పేర్చారు. అమ్మ మెడ నొప్పి పుట్టేదాకా చూసింది.

తిండికి, చిన్నచిన్న కొట్లు ఒకచోట చేరిన హాకర్ సెంటర్లను మించినవి లేవు. టెక్కాలో దోసె, బిర్యానీ, చికెన్ రైస్ ఒకే కప్పు కింద దొరుకుతాయి. బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఉందంటే ఆ చోటు ఎవరిదో అని అర్థం, కూర్చోకండి. తిన్న ట్రే మనమే తీసుకెళ్లి పెట్టాలి. ఆ స్టాండులు రెండు, ఒకటి హలాల్, ఒకటి కానిది. నా ముందున్న చైనీయుల తాతగారు కంగారులో తప్పు స్టాండులో పెట్టబోయి, బోర్డు చూసుకుని, ట్రే వెనక్కి తీసి పక్కదాంట్లో పెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు. నాలుగు రకాల జనం ఇరుకు ఊళ్లో ఎలా సర్దుకుంటున్నారో నాకు ఆ ట్రేల దగ్గర తెలిసింది.

ఇక ఆదివారం. పొద్దున ఆర్చర్డ్ రోడ్డులోని లక్కీ ప్లాజాకి వెళ్లాం. ఇళ్లలో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయిలు అంతస్తులన్నీ నిండిపోయారు. డబ్బు పంపే కౌంటర్ల దగ్గర వరసలు, బయట నేల మీద అట్టలు పరుచుకుని టిఫిన్లు పంచుకునేవాళ్లు, ఇంటికి పంపే పెట్టెలో సబ్బులూ చాక్లెట్లూ ఖాళీ లేకుండా సర్దేవాళ్లు. నెలకి కనీసం ఒక సెలవు, డబ్బిచ్చి కూడా దాన్ని కొనేయకూడదని యజమానులకి నిబంధన పెట్టింది 2023 జనవరి నుంచే. సిటీ హాల్ స్టేషన్ దగ్గరి పెనిన్సులా ప్లాజా బర్మావాళ్ల చోటు. పులియబెట్టిన తేయాకుతో చేసే సలాడ్ అక్కడ తినాలి. కాస్త వగరు, నూనె, వేయించిన పప్పుల కరకర. నాకు బాగా నచ్చింది, అమ్మ రెండు ముద్దలతో ఆపేసింది.

సాయంత్రం లెంబు రోడ్డు చుట్టూ బంగ్లాదేశ్ కుర్రాళ్లు, సెరంగూన్ రోడ్డు వెంట తమిళులు. పచ్చిక మీద కూర్చున్న గుంపులోంచి తెలుగు వినబడింది.

“ఏ ఊరు బాబూ?” అంది అమ్మ.

“ఇచ్ఛాపురం దగ్గరమ్మా. మీరు చూడ్డానికొచ్చారా?”

ఆ అబ్బాయిది వెల్డింగ్ పని, వచ్చి మూడేళ్లు. సింగపూర్ పౌరులు, శాశ్వత నివాసుల్లో పదిమందికి దాదాపు ఎనిమిదిమంది ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లలోనే ఉంటారు. ఒకే జాతివాళ్లు ఒకచోట పోగవకుండా బ్లాకుకి ఇంతమందే అని 1989 నుంచి లెక్క ఉంది. ఇరుగుపొరుగు కలిసి బతకాలని అంత పట్టుబట్టిన ఊళ్లో ఈ కుర్రాడు మాత్రం దూరంగా కూలీలు ఉండే డార్మిటరీలో, ఒకే గదిలో పదిమందితో ఉంటున్నాడు. ఆ పట్టుదల వీళ్లదాకా రావాలని నా కోరిక.

చీకటి పడుతుంటే డార్మిటరీలకెళ్లే బస్సుల వరస మొదలైంది. లేస్తూ ఆ అబ్బాయి అమ్మ దగ్గరికొచ్చాడు. “అమ్మా, మీరు ఊరెళ్లాక మా అమ్మకోసారి ఫోన్ చేస్తారా? రోజూ వీడియోలో మాట్లాడతాను గానీ చిక్కిపోయానంటుంది. కళ్లతో చూసినవాళ్లు చెబితే నమ్ముతుంది.”

టెక్కా బిల్లు వెనక నంబరు రాసుకుంది అమ్మ. విమానం దిగి, బెల్టు దగ్గర పెట్టెలకోసం నిలబడినప్పుడే ఫోన్ చేసింది.