సీటు ముందే బుక్ చేయాలా, కౌన్సెలింగ్ దాకా ఆగాలా?

మా తెలంగాణలో, వరంగల్ ఏనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన పైసలు చేతికొచ్చేదీ, ఇంజనీరింగ్ కాలేజీల వాళ్లు ఫోన్లు మొదలుపెట్టేదీ ఒక్కసారే. ఇంటర్ పరీక్షలు అయిపోయి ఉంటాయి, ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ ఇంకా రాయలేదు. "సీఎస్ఈలో (కంప్యూటర్ సైన్స్) కొన్నే సీట్లున్నాయి, 50,000 కట్టి బుక్ చేసుకోండి, జూన్‌లో ఈ రేటుకు దొరకదు" అంటారు. పరకాల దగ్గర వ్యవసాయం చేసే మా బావ రెండేళ్ల కింద ఆ మాట నమ్మి కట్టాడు. బిడ్డకు ఎక్కడా సీటు రాదేమోనన్న భయం ఆయనది. ఆ భయాన్ని నేను తప్పు పట్టను.

కానీ అప్పుడు ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. కాలేజీ వాళ్లే నేరుగా నింపుకునే మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే పిల్లల తరఫున సర్కారు కట్టే ఫీజు, రాదు. అది ఒక్క ఏడాదితో పోయే నష్టం కాదు, నాలుగేళ్లూ రాదు. మిగిలిపోయిన సీట్లకు చివర్లో జరిగే స్పాట్ అడ్మిషన్లకూ అంతే. సీట్లలో 70 శాతం కన్వీనర్ కోటావి, అంటే ఎప్‌సెట్ ర్యాంకును బట్టి సర్కారు కౌన్సెలింగ్‌లో ఇచ్చేవి. రీయింబర్స్‌మెంట్ కావాలంటే కౌన్సెలింగ్‌లో ఆ సీటే తెచ్చుకోవాలి.

లెక్క వేసి చూద్దాం. బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడిన) కుటుంబాలకు ఆదాయ పరిమితి ఊళ్లో 1.5 లక్షలు, పట్టణంలో 2 లక్షలు. ఎప్‌సెట్ ర్యాంకు 10,000 లోపుంటే ట్యూషన్ ఫీజు మొత్తం సర్కారే ఇస్తుంది, దాటితే ఏడాదికి 35,000 వరకు ఇస్తుంది. అర్హులైన ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ర్యాంకుతో పని లేకుండా మొత్తం ఫీజు వస్తుంది. కాలేజీ ఫీజు ఏడాదికి లక్ష అనుకోండి. 24,000 ర్యాంకు వచ్చిన బీసీ పిల్ల కన్వీనర్ సీటులో చేరితే ఇంటి నుంచి పోయేది నాలుగేళ్లకు 2.6 లక్షలు. అదే కాలేజీలో, అదే బ్రాంచిలో మేనేజ్‌మెంట్ సీటుకు 4 లక్షలు, పైన రసీదు లేని డొనేషన్. ఎస్సీ, ఎస్టీ పిల్లలకైతే 4 లక్షల ఫీజూ చేజేతులా వదులుకున్నట్టే. ఏప్రిల్‌లో ఫోన్ చేసిన పీఆర్వో ఈ లెక్క చెప్పడు.

బావ బిడ్డకు, అంటే మా మేనకోడలికి, మొదటి విడతలోనే మంచి కాలేజీలో కన్వీనర్ సీటు వచ్చింది. అయితే ముందు కట్టిన కాలేజీ దగ్గర 50,000తో పాటు ఇంటర్ మెమో కూడా ఉండిపోయింది. సీటు వదులుకున్నవాళ్ల దగ్గర గడువులోపు 1,000 రూపాయలకు మించి పట్టుకోవద్దని, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపొద్దని సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ నిబంధన ఉంది. కానీ బావ చేతిలో ఉన్నది తెల్ల కాగితం మీద రాసిన చీటీ. మూడు నెలలు తిరిగితే మెమో, 30,000 తిరిగొచ్చాయి. మిగతాది రాలేదు.

అందుకే రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉన్న ఇల్లు కచ్చితంగా ఆగాలనే అంటాను. ఆగడమంటే ఖాళీగా కూర్చోవడం కాదు. జనవరి 1 తర్వాత ఇచ్చిన ఆదాయ ధ్రువీకరణ పత్రమే కౌన్సెలింగ్‌లో చెల్లుతుంది, కాబట్టి మీసేవలో ముందే తీసిపెట్టుకోవాలి. వెబ్ ఆప్షన్లు, అంటే కౌన్సెలింగ్‌లో ఆన్‌లైన్‌లో ఇచ్చే కాలేజీ, బ్రాంచి ఎంపికలు, పదీ పదిహేనుతో ఆపకుండా నిండుగా పెట్టాలి. హనుమకొండ, వరంగల్ కాలేజీలతో పాటు కాకతీయ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ, జగిత్యాల, మంథని జేఎన్టీయూ కాలేజీలను కూడా వదలొద్దు. సీఎస్ఈనే కావాలని పట్టుబట్టకపోతే సివిల్, మెకానికల్ లాంటి బ్రాంచీల్లో ఏటా సీట్లు మిగులుతూనే ఉన్నాయి. అసలు ఎక్కడా సీటు రాదన్న టెన్షన్ అక్కర్లేదు.

జాతీయ ప్రవేశ పరీక్ష జేఈఈతో కేంద్ర ఇంజనీరింగ్ కాలేజీ నిట్‌లో సీటు వచ్చేవాళ్ల దారి ఇంకా తేలిక. ఇంటి ఆదాయం లక్ష లోపుంటే ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ, 1 నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీలకు మొత్తం మాఫీ. హాస్టల్, మెస్ ఖర్చు మాత్రం విడిగా చూసుకోవాలి.

మరి ముందే బుక్ చేయడం ఎవరికి సరిపోతుంది? ఆదాయం పరిమితి దాటి, ఫలానా కాలేజీలో ఫలానా బ్రాంచే కావాలనుకునే ఇంటికి. వాళ్లు కూడా నగదు ఇవ్వకుండా బ్యాంకు ద్వారా కట్టి, కాలేజీ పేరుతో రసీదు తీసుకోవాలి. ఒరిజినల్స్ ఇవ్వొద్దు, జిరాక్సులు చాలు. ప్రైవేట్ యూనివర్సిటీ అయితే అక్కడ రీయింబర్స్‌మెంట్ ఉండదు, వాళ్లు చెప్పే స్కాలర్‌షిప్ మీదే ఆధారపడాలి. అది నాలుగేళ్లూ ఉంటుందా, సీజీపీఏ (మార్కుల సగటు) ఎంతకు తగ్గితే ఆపేస్తారు అన్నది కాగితం మీద రాయించుకున్నాకే డబ్బు కట్టాలి.

ఆగినవాళ్లకూ ఒక కష్టం ఉంది, దాచను. రీయింబర్స్‌మెంట్ మంజూరైనా డబ్బు కాలేజీకి చేరడానికి ఏళ్లు పడుతోంది. 2025 నవంబర్‌లో ప్రైవేట్ కాలేజీలు ఈ బకాయిల కోసమే బంద్ చేశాయి. బకాయి తీరకపోతే చదువు అయ్యాక "ముందు మీరు కట్టి సర్టిఫికెట్లు తీసుకోండి" అనే చోట్లు ఉన్నాయి. ఉద్యోగంలో చేరాల్సిన పిల్లలు అక్కడ చిక్కుకుపోతున్నారు. మా బావ ఇప్పుడు ఏటా మిర్చి పైసల్లోంచి 35,000 తీసి అమ్మాయి పేరు మీద పోస్టాఫీసులో వేస్తున్నాడు. సర్కారు నుంచి డబ్బు వస్తే అది ఆమెకే మిగులుతుంది, రాకపోతే సర్టిఫికెట్ల కోసం ఎవరి దగ్గరా అప్పు చేయనక్కర్లేదు.