4, 5, 8, 11: పద్దెనిమిదేళ్లుగా మా ఇంట్లో డాలస్ లోకల్ న్యూస్

మేం డాలస్ పక్కనున్న ప్లేనోకి వచ్చింది 2007లో. కేబుల్ బిల్లు ఎంతవుతుందో విని గుండె జారిపోతే, ఆఫీసులో పాతకాపు ఒకాయన "యాంటెనా పెట్టుకోవయ్యా, వార్తలు ఫ్రీ" అన్నాడు. పెట్టుకున్నాం. అప్పట్నుంచి మా ఇంట్లో డాలస్ వార్తలంటే నాలుగంకెలే. 4 అంటే ఫాక్స్, 5 అంటే ఎన్‌బీసీ, 8 అంటే ఏబీసీ, 11 అంటే సీబీఎస్. ఈ నాలుగూ దేశమంతా స్టేషన్లకి కార్యక్రమాలిచ్చే నెట్‌వర్కులు. మా ఆవిడకి పొద్దున 4, నాకు సాయంత్రం 8, గాలివాన వస్తే నాలుగూ. లోగో చూసి "8 ఏబీసీ వాళ్లది కదా" అని నేనూ చాలాకాలం అనుకున్నాను. కాదు. తెర మీద పేరుకీ తెర వెనక యజమానికీ ఒక్కోచోట చుట్టరికమే ఉండదు.

ముందు యాంటెనా సంగతి చెప్పాలి, మొదటి తలనొప్పి అక్కడే వచ్చింది. 2009 జూన్ 12న అమెరికాలో పెద్ద స్టేషన్లన్నీ అనలాగ్ ఆపేసి డిజిటల్‌కి మారాయి. మర్నాడు మా టీవీలో 8 మాయం. మిగతా మూడూ అద్దంలా వస్తున్నాయి. కారణం తెలుసుకోడానికి వారం పట్టింది. టీవీలో కనపడే అంకె ఒకటి, గాలిలో సిగ్నల్ వచ్చే ఛానల్ ఇంకొకటి. 4, 5, 11 తమ పాత అంకెల్ని పేరుకి ఉంచుకుని యూహెచ్ఎఫ్ అనే పై ఛానళ్లలోకి వెళ్లిపోయాయి. 8 మాత్రం నిజంగానే 8లో ఉండిపోయింది. అది వీహెచ్ఎఫ్, అంటే పొడుగు తరంగాల కింది ఛానల్. మా దగ్గరున్న చిన్న యాంటెనాకి అది అందదు, పొడుగు పుల్లలున్నది కావాలి. అదే కొని, అటక మీద పెట్టి, దక్షిణంగా సీడర్ హిల్ వైపు తిప్పాను. ఇక్కడి పెద్ద స్టేషన్ల టవర్లు దాదాపు అన్నీ ఆ ఊరి దగ్గరే ఉన్నాయి కాబట్టి ఒక్క దిక్కుకి పెడితే సరిపోతుంది. ఆ యాంటెనా ఇప్పటికీ అక్కడే ఉంది, దుమ్ము కూడా దులపలేదు.

అంకెని ఇంత గట్టిగా పట్టుకోవడానికి కారణం ఉంది. జనం గుర్తుపెట్టుకునేది అదొక్కటే. నెట్‌వర్క్ కూడా శాశ్వతం కాదు. ఇక్కడ పుట్టి పెరిగిన మా పక్కింటాయనకి 4 అంటే ఇప్పటికీ సీబీఎస్సే. 1993 చివర్లో ఫాక్స్ అమెరికన్ ఫుట్‌బాల్ హక్కుల్ని సీబీఎస్ చేతుల్లోంచి లాక్కుంది. ఆ ఊపులో దేశమంతా స్టేషన్లు పార్టీలు మారినట్టు నెట్‌వర్కులు మారాయి. 1995లో డాలస్‌లో ఫాక్స్ 33 నుంచి 4కి వచ్చింది, సీబీఎస్ 4 నుంచి 11కి పోయింది. అంకె అక్కడే, చుట్టాలు మారారు. ఈమధ్య 11 తన పేరులోంచి అంకె తీసేసి "సీబీఎస్ న్యూస్ టెక్సాస్" అని పెట్టుకుంది. టెక్సాస్ ఎంత పెద్దది! రాష్ట్రం ఆ చివరున్న ఎల్ పాసోలో వాన పడితే నేనేం చేసుకోను? నాకింకా అది పదకొండే.

అక్షరాల సంగతి ఒకటి, ఇది సరదాకి. మిసిసిపీ నదికి పడమరనున్న స్టేషన్ల పేర్లు కే తో, తూర్పునున్నవి డబ్ల్యూ తో మొదలవుతాయి. డాలస్ పడమరే. కేడీఎఫ్‌డబ్ల్యూ, కేఎక్స్ఏఎస్, కేటీవీటీ, అన్నీ రూలు ప్రకారమే. 8 పేరు మాత్రం డబ్ల్యూఎఫ్ఏఏ. ఆ పేరు 1922లో మొదలైన రేడియో స్టేషన్‌ది. మర్సటేడు కే, డబ్ల్యూల సరిహద్దుని నది దగ్గరికి జరిపినా పాతవాళ్ల పేర్ల జోలికి పోలేదు.

ఇప్పుడు యజమానులు. 4 ఫాక్స్‌ది, 5 ఎన్‌బీసీది, 11 సీబీఎస్‌ది. ఈ మూడూ నెట్‌వర్కుల సొంత సరుకు. 8 అలా కాదు. ఏబీసీ కార్యక్రమాలు వేస్తుంది గానీ ఏబీసీది కాదు. మేం వచ్చినప్పుడు అది బెలో కంపెనీది, డాలస్ మార్నింగ్ న్యూస్ పేపరూ వాళ్లదే. 2008లో పేపర్లనీ టీవీలనీ రెండు కంపెనీలుగా విడగొట్టారు. 2013లో టీవీల కంపెనీని గానెట్ కొంది. 2015లో గానెట్ కూడా రెండుగా చీలి, టీవీలన్నీ టెగ్నా అనే కొత్త పేరు కిందకి వెళ్లాయి. ఆ టెగ్నాని స్టాండర్డ్ జనరల్ కొనబోయి 2023లో చేతులెత్తేసింది. 2025 ఆగస్టులో నెక్స్‌టార్ వచ్చి 620 కోట్ల డాలర్లకి కొంటానని ప్రకటించింది. నెక్స్‌టార్ ఆఫీసు ఇక్కడే, అర్వింగ్‌లో. 33వ ఛానల్ వాళ్లదే. ఒక కంపెనీ స్టేషన్లు దేశంలో 39 శాతం ఇళ్లకు మించి చేరకూడదని 2004లో చట్టం పెట్టారు. ఈ బేరాల చుట్టూ నడిచే గొడవంతా ఆ అంకె మీదే.

ఇన్నిసార్లు చేతులు మారినా సోఫాలో కూర్చున్న నాకు ఆ సాయంత్రం ఏ తేడా కనపడదు. అదే బల్ల, అవే మొహాలు, అదే సంగీతం. వార్తలైపోయాక అడుగున చీమతలంత అక్షరాల్లో వచ్చే కాపీరైట్ లైను మాత్రం మారుతుంది. నాకిప్పుడు అది చదవడం ఒక జబ్బు.

తేడా తర్వాత, మెల్లిగా తెలుస్తుంది. ఏ స్టేషన్ అని చెప్పను. ఒక కొనుగోలు జరిగిన ఏడాది తర్వాత ఆరు గంటల వార్తలు ఎందుకో పలచబడ్డాయనిపించింది. ఒకరోజు కరెంటు బిల్లు కవరు వెనక గీతలు పెట్టుకుంటూ కూర్చున్నాను. మొదటి బ్రేక్ దాకా వచ్చినవి తొమ్మిది. మా యాంటెనా అందుకునే దూరంలో జరిగినవి మూడే. మిగతావి అదే కంపెనీకి వేరే రాష్ట్రాల్లో ఉన్న స్టేషన్లు పంపిన సరుకు. ఎక్కడో దుకాణంలో దొంగ పడ్డ సీసీ కెమెరా వీడియో, ఇంకెక్కడో ఈతకొలనులో దూకిన ఎలుగుబంటి. మా స్కూల్ బోర్డు పన్నుల మీద ఓటేసింది ఆ రోజే. దాని గురించి ఒక్క ముక్క లేదు. సిటీ హాల్ వార్తలు చెప్పే రిపోర్టర్ ఎప్పుడు వెళ్లిపోయిందో కూడా చెప్పలేదు.

అలాగని కంపెనీ పేరు చూసి తీర్పు చెప్పేయలేం. 2018లో సింక్లెయిర్ అనే పెద్ద కంపెనీ స్టేషన్ల యాంకర్లు ఊరూరా ఒకే ప్రకటనని పొల్లు పోకుండా చదివిన వీడియో అందరూ చూసే ఉంటారు. అది చూశాక నాకూ భయమేసింది. కానీ అంతకంటే పెద్ద పరీక్ష ఇక్కడి ఆకాశమే పెడుతుంది.

2019 అక్టోబర్ 20, ఆదివారం రాత్రి. ఉత్తర డాలస్‌ని టొర్నాడో చీల్చుకుంటూ రిచర్డ్‌సన్ వైపు వచ్చింది. మా నాన్న అప్పుడు ఇండియా నుంచి వచ్చి మాతోనే ఉన్నారు. ఆయనకి ఇంగ్లిష్ రాదు, కానీ వెదర్ చెప్పేవాళ్లని చూసి ఒక లెక్క కట్టుకున్నారు. "ఒరేయ్, ఆయన కోటు విప్పేశాడ్రా" అని కేకేశారు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి తెర మీద రాడార్, దాంట్లో మాకు తెలిసిన వీధుల పేర్లు, ఏ క్రాస్ రోడ్డు దగ్గరికి ఎన్ని నిమిషాల్లో వస్తుందో చెప్తున్నాడు. మెట్ల కింద అరలో దుప్పట్లతో దూరాం. ఇంకో స్టేషన్‌లో మాత్రం ఫుట్‌బాల్ మ్యాచ్ నడుస్తూనే ఉంది. కొన్ని నిమిషాలు ఆగి గానీ ఆపలేదు, తర్వాత తప్పు ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. ఒప్పుకోవడం మెచ్చుకోవాల్సిందే. కానీ మ్యాచ్ ఆపే మీట స్టేషన్‌లో ఎవరి చేతిలో ఉంటుంది, వాళ్లకి ఎంత ధైర్యం ఉంటుంది అన్నది నేను ఆ రాత్రి నుంచే పట్టించుకుంటున్నాను.

మధ్యలో ఒక ఏడాది స్ట్రీమింగ్‌కి మారి చూశాం. ఒకరోజు పొద్దున్నే ఒక ఛానల్ బదులు నల్ల తెర, ఒక ఉత్తరం. తప్పు స్టేషన్ యజమానిదని స్ట్రీమింగ్ వాళ్లు, కాదు వాళ్లదేనని వీళ్లు. స్టేషన్‌ని కేబుల్‌లో చూపించాలంటే దాని అనుమతి తీసుకోవాలి, అది డబ్బడగొచ్చు అని 1992 చట్టం. స్ట్రీమింగ్ వాళ్లదీ ఇప్పుడు అదే బేరం. కుదరకపోతే మన టీవీ నల్లబడుతుంది. అటకమీది యాంటెనాలో అదే ఛానల్ పైసా ఖర్చు లేకుండా వస్తూనే ఉంది. నెలాఖరుకి స్ట్రీమింగ్ మానేశాం.

మీ ఊరి స్టేషన్ ఎవరిదో తెలుసుకోవాలంటే స్టేషన్లకి లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ పబ్లిక్ ఫైల్స్ సైటులో దాని అక్షరాలు కొట్టండి. యాజమాన్యం రిపోర్టులుంటాయి, ఎన్నికల ప్రకటనలకి ఎవరు ఎంత కట్టారో కూడా ఉంటుంది. ఎన్నికల ఏడాదిలో సీరియల్ కంటే అదే బాగుంటుంది నాకు.

అయిదుకి నేనిచ్చే స్టార్ల మాటకొస్తే, పొద్దున కబుర్లకి 4కి నాలుగు, ఆ నవ్వులు కొంచెం తగ్గిస్తే అయిదు. గాలివాన రాత్రి 8కి అయిదూ ఇచ్చేస్తాను. పది గంటల వార్తలకి మాత్రం నాలుగింటికీ మూడు చాలు, సగం ఆరింటికి చూసినవే. చేతులు మారిన స్టేషన్‌కి అయితే పాత స్టార్లు కొట్టేసి, గాలివానల నెలలు ఒక ఏప్రిల్, ఒక మే గడిచాక మళ్లీ వేస్తాను.