పెట్టేవాడు దొరికాడు, తీసేవాడేడీ? – ఎస్‌క్యూఎస్ ఎక్స్‌టెండెడ్ క్లయింట్ లైబ్రరీ సమీక్ష

అలిపిరి నుంచి మెట్లెక్కే భక్తులు సామాను కింద కౌంటర్లో ఇచ్చేసి టోకెన్ తీసుకుంటారు. మనిషి మెట్ల దారిన, మూట బండి మీద. కొండపైన టోకెన్ చూపిస్తే మూట చేతికొస్తుంది. ఎస్‌క్యూఎస్ అంటే ప్రోగ్రాముల మధ్య మెసేజ్‌లను క్యూలో ఉంచి అందించే అమెజాన్ సర్వీసు. దాని ఎక్స్‌టెండెడ్ క్లయింట్ లైబ్రరీ చేసే పని అచ్చంగా ఇదే. క్యూలో పట్టనంత పెద్ద మెసేజ్‌ని ఎస్3 బకెట్‌లో (అమెజాన్ ఫైళ్ళ గోదాములో) దింపి, క్యూలోకి టోకెన్ మాత్రమే పంపుతుంది. జావాకు 2015 నుంచి, పైథాన్‌కు 2024 నుంచి అధికారికంగా దొరుకుతోంది. డబ్బు కట్టక్కర్లేదు, సోర్స్ తెరిచే ఉంది.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. ఈసీ2లోనో (అమెజాన్ అద్దె సర్వర్) కంటైనర్‌లోనో ఉండి సొంతంగా క్యూని పోల్ చేసే, అంటే కొత్త మెసేజ్ వచ్చిందా అని పదేపదే అడిగే ప్రోగ్రాముకైతే కళ్ళు మూసుకుని వాడొచ్చు. అందుకునేది లాంబ్డా (పిలిచినప్పుడే మీ ఫంక్షన్‌ని నడిపే అమెజాన్ సర్వీసు) అయితే మాత్రం సగం పని లైబ్రరీది, మిగతా సగం మీది. ఆ సగం ఏమిటో తెలియకుండా ప్రొడక్షన్‌లో పెట్టకండి.

అసలు మీకు ఇది అవసరమా అన్నది ముందు చూసుకోవాలి. ఎస్‌క్యూఎస్ మెసేజ్ హద్దు ఏళ్ళ తరబడి 256 కేబీ. 2025 ఆగస్టులో దాన్ని 1 ఎంబీకి, అంటే 10,48,576 బైట్లకు పెంచారు. 300 కేబీ జేసన్ కోసం ఈ లైబ్రరీ తెచ్చిపెట్టుకున్నవాళ్ళకు ఇప్పుడు దాని పనే లేదు. పెంచాక కూడా పాత ఎర్రరే వస్తోందంటే టెర్రాఫార్మ్ ఫైలు (క్లౌడ్ అమరికలు రాసి పెట్టేది) తెరిచి చూడండి. గరిష్ఠ సైజు 262144 అని ఎవరో ఎప్పుడో రాసి ఉంటారు. లైబ్రరీలో కూడా ఎస్3కి మళ్ళించే హద్దుని డిఫాల్ట్‌కి వదిలేయకుండా మీరే అంకె వేసి పెట్టండి, లేకపోతే ఏ వెర్షన్ ఏ హద్దు పాటిస్తోందో కోడ్ తవ్వి తెలుసుకోవాల్సి వస్తుంది. పదేసి మెసేజ్‌లు కలిపి బ్యాచ్‌గా పంపేటప్పుడు ఆ 1 ఎంబీ పదింటి మొత్తానికీ కలిపి. ఒక్కొక్కటీ హద్దులోనే ఉన్నా బ్యాచ్ తిరగ్గొడుతుంది.

సైజు లెక్కలో తెలుగువాళ్ళకు ప్రత్యేకమైన తిరకాసు ఒకటుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. ‘రైతు’ కంటికి రెండక్షరాలు, కంప్యూటర్‌కి ర, ఐత్వం, త, ఉత్వం కలిపి నాలుగు సంకేతాలు, 12 బైట్లు. పైథాన్‌లో జేసన్ డంప్స్ మామూలుగా పిలిస్తే ప్రతి సంకేతాన్నీ బ్యాక్‌స్లాష్-యూ, నాలుగంకెల రూపంలో రాస్తుంది. అప్పుడు ఒక్కోటి 6 బైట్లు, ‘రైతు’ 24. పాసుపుస్తకం వివరాలో, వార్తల పాఠమో, అర్జీల పాఠమో క్యూలో పంపే సిస్టమ్‌లో జేసన్ డంప్స్‌లోని ‘ఎన్‌ష్యూర్ ఆస్కీ’ ఆప్షన్‌ని ఫాల్స్ చేస్తే తెలుగు భాగం సైజు సరిగ్గా సగమవుతుంది. ఎస్3 జోలికి వెళ్ళేముందు ఈ ఒక్క మార్పు చేసి చూడండి. జిజిప్ చేసినా బాగా తగ్గుతుంది కానీ, క్యూలోకి పాఠమే వెళ్ళాలి కాబట్టి బేస్64 కట్టాలి (బైట్లను పాఠంగా మార్చాలి), అది మూడోవంతు తిరిగి పెంచుతుంది. మెసేజ్‌కి తగిలించే అట్రిబ్యూట్ల (అదనపు వివరాల) పేర్లు, విలువలు కూడా సైజులోకే వస్తాయని మర్చిపోకండి.

ఇవన్నీ చేసినా 1 ఎంబీ దాటుతోందా? అప్పుడు లైబ్రరీ.

పంపే వైపు నిజంగా హాయిగా ఉంటుంది. జావాలో మామూలు క్లయింట్ చుట్టూ దీన్ని తొడిగి బకెట్ పేరు ఇస్తే చాలు, మిగతా కోడ్ మారదు. పైథాన్‌లో ఇంపోర్ట్ చేయగానే బోటో3 (అమెజాన్ వాళ్ళ పైథాన్ లైబ్రరీ) క్లయింట్‌కే కొత్త గుణాలు అతుక్కుంటాయి. క్యూలోకి వెళ్ళే టోకెన్‌ని ఒకసారి దగ్గరగా చూడండి. రెండు అంశాల జేసన్ జాబితా అది. మొదటిది ‘పేలోడ్ఎస్3పాయింటర్’ అనే జావా క్లాసు పూర్తి పేరు, రెండోది బకెట్ పేరు, కీ ఉన్న ఆబ్జెక్ట్. కీ (బకెట్‌లో ఆ ఆబ్జెక్ట్ పేరు) మామూలుగా ఒక యూయూఐడీ, అంటే మళ్ళీ రాని పొడవాటి గుర్తు. మొత్తం 200 బైట్లలోపే. దీంతోపాటు అసలు సైజు చెప్పే అట్రిబ్యూట్ ఒకటి వెళ్తుంది. దానికి పాత పేరు ‘ఎస్‌క్యూఎస్‌లార్జ్‌పేలోడ్‌సైజ్’, కొత్త పేరు ‘ఎక్స్‌టెండెడ్‌పేలోడ్‌సైజ్’. పైథాన్ వైపు మీరు వద్దని చెప్పకపోతే పాత పేరే వాడుతుంది. కాబట్టి అందుకునే కోడ్ సొంతంగా రాసేవాళ్ళు రెండు పేర్లూ చూడాలి. ఒక మెసేజ్‌కి అట్రిబ్యూట్లు పదే కాబట్టి మీకు మిగిలేవి తొమ్మిది.

ఇక తీసే వైపు. సొంతంగా పోల్ చేసే ప్రోగ్రాములో లైబ్రరీ ఎస్3 నుంచి మెసేజ్ తెచ్చి పెట్టడమే కాదు, రిసీట్ హ్యాండిల్‌లోకి (మెసేజ్‌ని డిలీట్ చేయడానికి చూపించాల్సిన గుర్తు) బకెట్ పేరు, కీ కూడా దూర్చేస్తుంది. జావాలో మీరు మెసేజ్ డిలీట్ అనగానే ఆ హ్యాండిల్ విప్పి చూసి ఎస్3లోని ఆబ్జెక్ట్‌ని కూడా తీసేస్తుంది. ముచ్చటైన పనితనం.

లాంబ్డాలో ఈ ముచ్చట తీరదు. అక్కడ క్యూని పోల్ చేసేది మీ కోడ్ కాదు, లాంబ్డా సర్వీసు తాలూకు పోలర్. దానికి ఈ లైబ్రరీ ఊసే తెలియదు. మీ ఫంక్షన్ చేతికి టోకెన్ టోకెన్‌గానే వస్తుంది. ఫంక్షన్ సక్సెస్ అనగానే క్యూలోంచి మెసేజ్‌ని తీసేసేది కూడా ఆ సర్వీసే. ఎస్3లో ఉన్న మూట అక్కడే మిగిలిపోతుంది. రోజుకు లక్ష పెద్ద మెసేజ్‌లు నడిచే చోట నెల తిరిగేసరికి బకెట్‌లో ముప్పై లక్షల అనాథ ఆబ్జెక్టులు.

జావాలో రాసేవాళ్ళకు దీనికి మందు ఉంది. లాంబ్డా కోసం అమెజాన్ ఇచ్చే పవర్‌టూల్స్‌లోని లార్జ్ మెసేజెస్ మాడ్యూల్ పెట్టి, రికార్డ్ ప్రాసెస్ చేసే మెథడ్ మీద లార్జ్‌మెసేజ్ అనే యానొటేషన్ వేస్తే మూట తెచ్చిపెడుతుంది, పని అయ్యాక తీసేస్తుంది. తీయొద్దనుకుంటే ఆ మాటా చెప్పొచ్చు. మిగతా భాషల్లో మీరే రాసుకోవడం మేలు. బాడీ జాబితాలా ఉందా, అట్రిబ్యూట్ ఉందా చూడటం, రెండో అంశంలోంచి బకెట్, కీ తీయడం, గెట్ చేయడం. నలభై లైన్లకు మించదు. బకెట్ పేరు మాత్రం మీ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉన్నదానితో సరిపోల్చండి. క్యూలో రాయగలిగినవాడు ఏ బకెట్ పేరు పెడితే ఆ బకెట్ చదివే ఫంక్షన్ మంచిది కాదు.

ఎప్పుడు తీయాలన్నదే అసలు చిక్కు. స్టాండర్డ్ (మామూలు రకం) క్యూ ఒకే మెసేజ్‌ని రెండోసారి ఇవ్వొచ్చు. మొదటిసారే మూట తీసేసి ఉంటే రెండోసారి గెట్ విఫలమవుతుంది, మెసేజ్ మళ్ళీ మళ్ళీ తిరిగి చివరికి డెడ్ లెటర్ క్యూలో (విఫలమైన మెసేజ్‌లు చేరే విడి క్యూ) పడుతుంది. ఇంకో దారిలోనూ ఇదే జరుగుతుంది: బ్యాచ్‌లో ఐదు రికార్డుల మూటలు తీసేశాక ఆరోదాని దగ్గర ఫంక్షన్ టైమవుట్ అయితే ఆరూ వెనక్కొస్తాయి, ఐదింటికి మూటల్లేవు. ఇక్కడ మనుషుల్ని రోజంతా తిప్పే చిన్న విషయం ఒకటుంది. ఫంక్షన్ రోల్‌కి బకెట్ మీద లిస్ట్ అనుమతి లేకపోతే, లేని ఆబ్జెక్ట్‌ని అడిగినప్పుడు ఎస్3 404 ఇవ్వదు, 403 యాక్సెస్ డినైడ్ ఇస్తుంది. ఐఏఎమ్ (అనుమతుల) పాలసీల్లో, కేఎంఎస్ (ఎన్‌క్రిప్షన్) కీలో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటారు. లిస్ట్‌బకెట్ అనుమతి ఇచ్చి ఉంచండి, ఎర్రర్ నిజం చెబుతుంది.

మేం సిఫార్సు చేసే వరస ఇది: పని పూర్తిచెయ్, ఎస్3 కీ పేరుతో డైనమోడీబీ (అమెజాన్ డేటాబేస్) పట్టికలో ‘అయింది’ అని రాయి, ఆ తర్వాతే మూట తీయి. మూట కనిపించకపోతే ముందు ఆ పట్టిక చూడు, ‘అయింది’ అని ఉంటే సక్సెస్ చెప్పు, లేకపోతేనే ఫెయిల్ చెయ్. దీనికి రిపోర్ట్ బ్యాచ్ ఐటెమ్ ఫెయిల్యూర్స్ (బ్యాచ్‌లో విఫలమైనవాటినే వెనక్కి పంపే అమరిక) ఆన్ చేసి ఉండాలి, విజిబిలిటీ టైమవుట్ (ఒకరు తీసుకున్న మెసేజ్ మిగతావారికి కనపడకుండా ఉండే సమయం) ఫంక్షన్ టైమవుట్‌కి కనీసం ఆరు రెట్లు ఉండాలి. 60 సెకన్ల ఫంక్షన్‌కి 360.

దీనికి వెనక కాపలాగా లైఫ్‌సైకిల్ రూల్ (ఇన్ని రోజులయ్యాక ఎస్3 తానే తీసేయాలనే నియమం) తప్పనిసరి. కారణం: క్యూని పర్జ్ (మొత్తం ఖాళీ) చేసినా, క్యూనే తొలగించినా, గడువు దాటి మెసేజ్‌లు పోయినా ఎస్3లో ఏమీ కదలదు. ఎన్ని రోజులు పెట్టాలి? స్టాండర్డ్ క్యూలో మెసేజ్ డెడ్ లెటర్ క్యూకి వెళ్ళినా పుట్టిన సమయం మారదు. అక్కడ గడువు 14 రోజులైతే మొత్తం ఆయుష్షు 14 రోజులే, 16 రోజుల రూల్ చాలు. ఫిఫో (వచ్చిన వరసలోనే ఇచ్చే) క్యూలో అలా మారినప్పుడు గడియారం మళ్ళీ మొదలవుతుంది. అసలు క్యూలో 4, అక్కడ 14 ఉంటే 20 రోజులు పెట్టండి. తక్కువ పెడితే డెడ్ లెటర్ క్యూలో టోకెన్లు ఉంటాయి, వాటిని తిరిగి అసలు క్యూకి పంపే రీడ్రైవ్ కొట్టిన రోజు మూటలుండవు. బకెట్‌కి వెర్షనింగ్ (పాత ప్రతులు దాచడం) ఆన్‌లో ఉంటే డిలీట్ అనేది గుర్తు మాత్రమే పెడుతుంది, పాత వెర్షన్లకు వేరే రూల్ కావాలి. ఈ బకెట్‌కి వెర్షనింగ్‌తో పనేముంది, ఆపేయండి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఈవెంట్ ఫిల్టర్. లాంబ్డా ట్రిగ్గర్‌లో ‘బాడీలో ఫలానా ఫీల్డ్ ఫలానా విలువైతేనే పిలువు’ అని ఫిల్టర్ పెట్టి ఉంటే, పెద్ద మెసేజ్‌ల బాడీలో ఆ ఫీల్డే ఉండదు, టోకెన్ ఉంటుంది. ఫిల్టర్‌కి సరిపోని మెసేజ్‌ని లాంబ్డా క్యూలోంచి తీసేస్తుంది. ఎర్రర్ రాదు, లాగ్ ఉండదు, డెడ్ లెటర్ క్యూలోకీ పోదు. చిన్న మెసేజ్‌లు చక్కగా నడుస్తూ పెద్దవి మాత్రమే మాయమవుతుంటే మొదట చూడాల్సిన చోటు ఇదే. ఎస్ఎన్ఎస్ (ఒకే మెసేజ్‌ని పలువురికి పంచే సర్వీసు) ద్వారా క్యూకి వచ్చే మెసేజ్‌లకూ ఇలాంటిదే ఒకటి: రా మెసేజ్ డెలివరీ ఆన్ చేయకపోతే టోకెన్ ఎస్ఎన్ఎస్ కవరు లోపల ఉండిపోతుంది, లైబ్రరీ దాన్ని గుర్తుపట్టదు.

ఖర్చు లెక్క కొంచెం ఆసక్తికరంగా ఉంటుంది. ఎస్‌క్యూఎస్ ప్రతి 64 కేబీనీ ఒక రిక్వెస్ట్‌గా లెక్కిస్తుంది. 1 ఎంబీ మెసేజ్ పంపడానికి 16, తీసుకోవడానికి 16, డిలీట్‌కి 1, మొత్తం 33. ఉత్తర వర్జీనియా ధరల్లో పది లక్షల రిక్వెస్టులకు 0.40 డాలర్లు. బ్యాచ్ లేకుండా, ఉచిత కోటా పక్కన పెట్టి చూస్తే పది లక్షల మెసేజ్‌లకు 13.20 డాలర్లు. అదే ఎస్3కి మళ్ళిస్తే పుట్‌లకు (పెట్టడానికి) 5, గెట్‌లకు (తేవడానికి) 0.40, క్యూకి 1.20, మొత్తం 6.60. సగానికి సగం! రెండూ సమానమయ్యేది దాదాపు 512 కేబీ దగ్గర. కానీ ఆ మూటల బరువు 977 జీబీ, రోజుకు 75 సెంట్ల అద్దె. వెంటనే తీయకుండా 15 రోజులు లైఫ్‌సైకిల్‌కి వదిలేస్తే 11 డాలర్ల పైచిలుకు కలిసి, లైబ్రరీ వాడిందే ఖరీదైన దారి అవుతుంది. లాంబ్డా వీపీసీలో (మీ సొంత ప్రైవేట్ నెట్‌వర్క్‌లో) ఉండి ఎస్3కి నాట్ గేట్‌వే (అక్కడి నుంచి బయటికి వెళ్ళే దారి) మీదుగా వెళ్తుంటే ఇంకా దారుణం, జీబీకి 4.5 సెంట్ల చొప్పున ఒక్క వైపుకే 44 డాలర్లు. ఎస్3కి నేరుగా దారి ఇచ్చే ఎస్3 గేట్‌వే ఎండ్‌పాయింట్ ఉచితం, పెట్టుకోండి. క్యూ హైదరాబాద్ రీజియన్‌లో ఉంటే బకెట్ కూడా అక్కడే ఉండాలి. పాత బకెట్ ముంబైలో ఉంది కదా అని దాన్నే తగిలిస్తే రీజియన్ దాటే డేటాకి విడిగా వడ్డిస్తారు.

2 జీబీ దాకా పంపొచ్చని లైబ్రరీ చెప్పేది కాగితం మీది అంకె. అది మూటని మొత్తంగా ఒక స్ట్రింగ్‌లా మెమరీలోకి తెస్తుంది. బైట్లు ఒకసారి, స్ట్రింగ్ ఒకసారి, పార్స్ చేసిన ఆబ్జెక్టులు ఇంకోసారి. 512 ఎంబీ మెమరీ ఇచ్చిన ఫంక్షన్ 100 ఎంబీ జేసన్ దగ్గరే కూలిపోవచ్చు. పదుల ఎంబీలు దాటే సరుకుని మేం దీని చేతికివ్వం. ఎస్3లో ఫైలుగా పెట్టి, ఆబ్జెక్ట్ చేరగానే ఎస్3 తానే క్యూకి నోటిఫికేషన్ పంపేలా కట్టి, ఫంక్షన్‌లో స్ట్రీమ్‌గా చదవడం మంచిది. బ్రౌజర్ నుంచి వచ్చే అప్‌లోడ్‌లకు ప్రీసైన్డ్ యూఆర్‌ఎల్ (నేరుగా ఎస్3కి పంపే తాత్కాలిక లింకు) ఇస్తే ఏపీఐ గేట్‌వే 10 ఎంబీ, లాంబ్డా 6 ఎంబీ హద్దుల బెడద కూడా ఉండదు. అన్నట్టు ఆ 6 ఎంబీ హద్దు క్యూ నుంచి వచ్చే బ్యాచ్‌కీ వర్తిస్తుంది. నిండు 1 ఎంబీ మెసేజ్‌లు నేరుగా పంపుతూ బ్యాచ్ సైజ్ 10 అని పెట్టినా, ఒక్కసారికి ఐదో ఆరో మాత్రమే వస్తాయి.

అనుమతులు: పంపేవాడికి పుట్‌ఆబ్జెక్ట్, అందుకునేవాడికి గెట్‌ఆబ్జెక్ట్, డిలీట్‌ఆబ్జెక్ట్. బకెట్‌కి సొంత కేఎంఎస్ కీ ఉంటే పంపేవాడికి జెనరేట్‌డేటాకీ, అందుకునేవాడికి డిక్రిప్ట్. క్యూకి ఇచ్చిన అనుమతి బకెట్‌కి రాదు, వేరే టీమ్ అకౌంట్ నుంచి చదివేటప్పుడు ఇదే ఎక్కువగా మర్చిపోతారు.

మార్కులు వేయమంటే, సొంత పోలింగ్ ప్రోగ్రాములకు ఐదుకి నాలుగున్నర. జావా లాంబ్డాకి పవర్‌టూల్స్‌తో కలిపి నాలుగు. పైథాన్ లాంబ్డాకి పంపే వైపు నాలుగు, అందుకునే వైపు రెండు.