పేరుతో లింకా, దారితో లింకా, నంబరుతో లింకా? సీమ చరిత్ర నోట్సుకు ఏది మేలు?

కడప జిల్లా శాసనాలు, కర్నూలు కైఫీయతులు (ఊళ్ల చరిత్ర రాసిన పాత రికార్డులు), అనంతపురం చెరువులు. వేటి మీద నోట్సు రాసుకున్నా, ఊరికో ఫైలు చొప్పున మామూలు టెక్స్టులో పెట్టుకుంటూ పోతే రెండు మూడు వందల ఫైళ్ల దగ్గర అసలు పని మొదలవుతుంది. ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు లింకు ఎలా వేయాలి? వాడుకలో మూడు పద్ధతులున్నాయి: ఫైలున్న దారి రాయడం, రెండు చదరపు బ్రాకెట్లలో పేరు రాయడం, ప్రతి ఫైలుకూ నంబరిచ్చి ఆ నంబరు రాయడం. ఇంగ్లీషులో రాసుకునేవాళ్లకు ఏదైనా నడిచిపోతుంది. తెలుగులో ఒక పేరుకు నాలుగు రూపాలుంటాయి కాబట్టి తేడా బాగా తెలుస్తుంది. అందుకే మా ఓటు నంబరుకు.

ముందు దారి సంగతి చూద్దాం. [లేపాక్షి](../అనంతపురం/లేపాక్షి.md) అని రాస్తే అది, మామూలు టెక్స్టులోనే గుర్తులతో లింకులూ శీర్షికలూ పెట్టే మార్క్‌డౌన్ అసలు పద్ధతి. కోడు రాసే ప్రోగ్రాం వీఎస్ కోడ్‌లోనూ, ఫైళ్లు పెట్టి పంచుకునే సైటు గిట్‌హబ్‌లోనూ నొక్కగానే తెరుచుకుంటుంది, ఏ ప్లగిన్ (విడిగా చేర్చుకునే హంగు) అక్కర్లేదు. దీని బలం అదే. అయితే జిల్లాకో ఫోల్డరు పెట్టుకున్నవాళ్లకు 2022 ఏప్రిల్ 4న ఏమైందో చూడండి. ఆ రోజు నుంచి లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి, అహోబిలం నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. లేపాక్షి ఫైలును కొత్త ఫోల్డరులోకి మార్చగానే దానికి బయటి నుంచి వచ్చే లింకులన్నీ తెగుతాయి. దాని లోపలి నుంచి తాడిపత్రి ఫైలుకు వెళ్లే లింకూ తెగుతుంది. నిన్నటిదాకా రెండూ ఒకే ఫోల్డరులో ఉన్నాయి కాబట్టి ఆ లింకులో ఫోల్డరు పేరే రాసి ఉండదు. తాడిపత్రి అనంతపురంలోనే ఉండిపోయింది, లేపాక్షి మాత్రం వెళ్లిపోయింది.

మందు ఒకటుంది. జిల్లా ఫోల్డర్లు తీసేసి ఫైళ్లన్నీ ఒకేచోట పెట్టి, జిల్లా పేరును ఫైలు లోపల ఒక వరుసలో రాసుకోవడం. అప్పుడు దారి అంటే ఫైలు పేరొక్కటే. పేరులో ఖాళీ ఉంటే చాలాచోట్ల లింకు పనిచేయదు, అక్కడ అడ్డగీత పెట్టాలి. కొన్ని ప్రోగ్రాములు తెలుగు పేరును శాతం గుర్తులు (%), అంకెలు, ఇంగ్లీషు అక్షరాలుగా మార్చి రాస్తాయి. అప్పుడు ఒక్కో తెలుగు గుర్తుకు తొమ్మిదేసి గుర్తులు వస్తాయి. మూడక్షరాల కడప 27 గుర్తుల బారు అయిపోతే కంటితో చూసి తప్పు పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

ఇక పేరు. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ పెట్టిన మొదటి వికీలో, పెద్దక్షరాలతో మొదలయ్యే మాటలను ఖాళీ లేకుండా అతికిస్తే లింకయ్యేది. తెలుగులో పెద్దక్షరాలే లేవు కాబట్టి ఆ పద్ధతి మనకు పనికిరాదు. తర్వాత వచ్చిన జోడు బ్రాకెట్లే మనకు సరిపోయాయి: [[లేపాక్షి]]. చదవడానికి హాయిగా ఉంటుంది, రాయడానికి తేలిక. నోట్సు రాసే యాప్ అబ్సిడియన్‌లో లింకులను తనంతట తానే సవరించే సెట్టింగు పెట్టి ఉంటే, ఫైలు పేరు మార్చినప్పుడు లింకులన్నీ మారిపోతాయి. మార్చడం ఆ యాప్ లోపలే జరగాలి. ఫోన్‌లో ఫైల్ మేనేజర్ తెరిచి పేరు మారిస్తే యాప్‌కు ఆ సంగతి తెలియదు, లింకులు పాత పేరు దగ్గరే ఆగిపోతాయి.

తెలుగు పేరు పెట్టే చిక్కులు ఇక్కడే మొదలు. మొదటిది విభక్తి. [[లేపాక్షి]]లో అని బ్రాకెట్ల బయట ప్రత్యయం తగిలిస్తే చాలు. శాసనం దగ్గరికి వచ్చేసరికి అది కుదరదు. శాసనాన్ని అన్నప్పుడు సున్నా పోయి దీర్ఘం వస్తుంది కాబట్టి [[కలమళ్ళ శాసనం|కలమళ్ళ శాసనాన్ని]] అని నిలువు గీత పెట్టి రెండుసార్లు రాయాలి. లింకు వేయని ప్రస్తావనలను యాప్ వెతికిపెడుతుంది గానీ, శాసనం అని వెతికితే శాసనాన్ని, శాసనాల దొరకవు. శాసన దగ్గర ఆపి వెతకాలి.

రెండోది వర్ణక్రమం. కలమళ్ళ, కలమళ్ల, కలమల్ల మూడూ కనిపిస్తాయి. కర్నూలును పాత రాతల్లో కందనవోలు అన్నారు. కడప జిల్లా 2010లో వైఎస్సార్ జిల్లా అయింది, 2025లో వైఎస్సార్ కడప అయింది.

మూడోది కంటికి కనపడనిది. దీనిమీద కాస్త ఆగాలి. బ్రౌన్‌లో అని రాసేటప్పుడు న కింద ల వత్తు పడకుండా కీబోర్డు మధ్యలో వెడల్పు లేని ఒక గుర్తును వేస్తుంది. యూనికోడ్‌లో దాని సంఖ్య 8204. అది లేకపోతే బ్రౌన్లో అని అతుక్కుపోతుంది. కొన్ని కీబోర్డులు పొల్లు రాగానే దాన్ని వేసేస్తాయి. అప్పుడు ఫైలు పేరు చివర అది ఉండి, లింకులో లేకపోతే కంటికి రెండూ బ్రౌన్ అనే కనిపిస్తాయి, కంప్యూటరుకు రెండూ వేరు. లింకు నొక్కితే ఖాళీ కొత్త ఫైలు పుడుతుంది. బ్రాకెట్లలో పొల్లు తర్వాత వచ్చేది బ్రాకెట్టే కాబట్టి పేరు చివర ఆ గుర్తు అవసరమే లేదు. ఫైలు పేర్ల చివర తీసేయండి. మామూలు రాతలో మాత్రం ముట్టుకోవద్దు, మాటల రూపం చెడిపోతుంది.

కైఫీయతు అన్న మాటలోనే ఇంకో మడతపేచీ ఉంది. అందులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయొచ్చు, రెండు గుర్తులుగానూ రాయొచ్చు. పాత మ్యాక్ డిస్కులు ఫైలు పేర్లలో దాన్ని రెండుగా విడగొట్టి దాచేవి. అక్కడి నుంచి లినక్స్‌కు తెచ్చిన ఫైళ్లలో ఐత్వమున్న పేర్ల లింకులు మాత్రమే తెగి ఉంటే కారణం ఇదే. పొడవు లెక్క కూడా గుర్తుంచుకోండి. లేపాక్షి కంటికి మూడక్షరాలు, లోపల ఎనిమిది గుర్తులు, డిస్కు మీద 24 బైట్లు. లినక్స్‌లో మామూలుగా ఫైలు పేరుకు 255 బైట్లే హద్దు, అంటే సుమారు 85 తెలుగు గుర్తులు. శాసనం పేరు, ఊరు, రాజు, కాలం అన్నీ పేరులోనే కుక్కితే హద్దు దాటుతుంది.

నంబరు పద్ధతిలో ఇవేవీ తగలవు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ సుమారు 90,000 కార్డులను నంబర్లతోనే ముడిపెట్టుకున్నారు. మనకు ఫైలు మొదలుపెట్టిన ఏడాది, నెల, తేదీ, గంట, నిమిషం కలిపి 12 అంకెలు చాలు: 202608141030. జిల్లా మారినా వర్ణక్రమం దిద్దినా ఈ నంబరు మారదు.

అబ్సిడియన్‌లో ఇలా చేయండి. ఫైలు పేరు నంబరొక్కటే. ఫైలు నెత్తిన మూడేసి గీతల మధ్య ఏలియాసెస్ అనే వరుసలో (ఆ మాట మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలి) కలమళ్ళ శాసనం, కలమళ్ల శాసనం, కలమల్ల శాసనం అని తెలిసిన రూపాలన్నీ రాయండి. ఆ తర్వాత ఎక్కడైనా జోడు బ్రాకెట్లు తెరిచి కలమ అని కొట్టగానే జాబితా వస్తుంది. ఎంచుకుంటే [[202608141030|కలమళ్ళ శాసనం]] అని పడుతుంది. నిలువు గీత తర్వాతి మాటను శాసనాన్ని, శాసనానికి అని ఎలా కావాలంటే అలా దిద్దుకోవచ్చు. జెట్లర్ అనే ఇంకో నోట్సు యాప్‌లోనైతే ఫైలు పేరులో నంబరు పక్కన తెలుగు పేరూ ఉంచుకోవచ్చు, లింకులో నంబరుంటే చాలు.

నష్టం లేకపోలేదు. ఫైళ్ల జాబితా తెరిస్తే అన్నీ అంకెలే కనిపిస్తాయి. అబ్సిడియన్‌కు ఫ్రంట్ మ్యాటర్ టైటిల్ అనే ప్లగిన్ వేసుకుంటే పేర్లు కనిపిస్తాయి గానీ ఫోన్ ఫైల్ మేనేజర్‌లో అంకెలే గతి. ఒకే నిమిషంలో రెండు ఫైళ్లు మొదలుపెడితే రెండింటికీ ఒకే నంబరు వస్తుంది. పాత నోట్సు గుంపుగా ఎక్కించేటప్పుడు సెకన్లు కూడా చేర్చి 14 అంకెలు పెట్టండి. కీబోర్డులో తెలుగు అంకెలుంటే ఆపేయండి, ౨ వేరు, 2 వేరు.

లింకు వేయకుండా ట్యాగులతో సరిపెట్టుకునేవాళ్లూ ఉన్నారు. #శాసనం కింద మూడొందల ఫైళ్లు చేరాక ఆ ట్యాగు ఏమీ చెప్పదు. పైథాన్‌లో సొంత స్క్రిప్టు రాసుకుంటే ఇంకో దెబ్బ: మామూలు పద అక్షరాల గుర్తుతో (\w) వెతికితే గుణింతాలు లెక్కలోకి రావు, #లేపాక్షి కాస్తా #ల దగ్గర తెగిపోతుంది.

ఏ పద్ధతైనా లింకు పక్కన ఒక వాక్యం రాయండి. కలమళ్ళ ఫైలులో ఎర్రగుడిపాడు శాసనం లింకు ఊరికే ఉంటే రెండేళ్లకు ఎందుకు వేశామో గుర్తుండదు. "రెండింట్లోనూ ఎరికల్ ముత్తురాజు బిరుదే; ఇక్కడ ధనంజయుడు, అక్కడ పుణ్యకుమారుడు" అని ఉంటే ఆ లింకు పనికొస్తుంది.

వంద లోపు ఫైళ్లు, ఒకే కంప్యూటరు, ఒకే యాప్ అయితే పేరు పద్ధతే హాయి, నంబర్ల జోలికి వెళ్లనక్కర్లేదు. నోట్సును గిట్‌హబ్‌లో పెట్టి నలుగురికీ చూపించాలంటే దారి పద్ధతి వాడండి, అక్కడి మామూలు ఫైళ్లలో జోడు బ్రాకెట్లు లింకుగా మారవు. ఇప్పటికే పేర్లతో నడుస్తున్న నోట్సును నంబర్లకు మార్చాలనుకుంటే ఒక్క రోజులో అన్నీ మార్చొద్దు. బ్యాకప్ తీసుకుని, తెరిచిన ఫైలును తెరిచినప్పుడు, యాప్ లోపలి నుంచే మార్చండి. పాత తేదీ కోసం వెతకొద్దు, ఫోన్‌కు కాపీ చేసినప్పుడే ఆ తేదీ మారిపోయి ఉంటుంది. ఈ రోజు నంబరే వేయండి. నెలకోసారి గ్రెప్‌తో (ఫైళ్లలో మాటలు వెతికే కమాండు) లింకుల్లోని నంబర్లన్నీ ఒక జాబితాగా, ఫైళ్ల పేర్లు ఇంకో జాబితాగా తీసి పక్కపక్కన పెడితే, మొదటిదాంట్లో ఉండి రెండోదాంట్లో లేని ప్రతి నంబరూ తెగిన లింకే.