వూస్టర్ పాత ఆసుపత్రి చుట్టూ గైడుతో రెండు గంటలు

ఇంగ్లండులోని వూస్టర్ నగరంలో కాజిల్ స్ట్రీట్‌లో ఉన్న ఎర్ర ఇటుకల పాత ఇన్ఫర్మరీ ఒకప్పుడు ఆ కౌంటీ అంతటికీ పెద్దాసుపత్రి. దాని చరిత్రను చెబుతూ గైడు నడిపించే రెండు గంటల నడకకు, ఆ నగరంలోనే డాక్టరుగా పనిచేస్తున్న మా బావగారితో కలిసి గత నెలలో వెళ్లాను.

ఆరంభం బాగుంది. 1746లో బిషప్ ఐజాక్ మాడక్స్ పూనికతో సిల్వర్ స్ట్రీట్‌లో మొదలైన ఆసుపత్రి 1771లో ఈ భవనానికి మారిన వైనాన్నీ, దాని తొలి వైద్యుల్లో ఒకరైన జాన్ వాల్ 1751లో ప్రసిద్ధ వూస్టర్ పింగాణీ కర్మాగారం స్థాపకుల్లోనూ ఒకరు కావడాన్నీ గైడు తడుముకోకుండా, సరదాగా వివరించారు.

అయితే ఈ నడకలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది గైడు మా చేతికిచ్చిన ఒక కాగితం. ఆ కాలపు చందా ఆసుపత్రులలో వాడిన సిఫారసు పత్రానికి అది నకలు. రోగి పేరుకు ఒక ఖాళీ, ఊరికి ఒక ఖాళీ, అడుగున చందాదారు సంతకానికి ఇంకో ఖాళీ ఉన్నాయి. ప్రభుత్వం పైసా ఇవ్వని ఆ రోజుల్లో కలవారి చందాలతోనే ఇలాంటి ఆసుపత్రులు నడిచేవి కనుక, ప్రమాదంలో గాయపడి వచ్చినవారిని మినహాయిస్తే, బీదవాడు చికిత్సకు చేరాలంటే ముందుగా చందా కట్టిన ఒక పెద్దమనిషి గుమ్మం ఎక్కి ఆ సంతకం సంపాదించుకోవలసి వచ్చేది. మందుకు డబ్బు అక్కరలేదు గానీ మాట సాయం మాత్రం తప్పనిసరి. ఇంత ముఖ్యమైన విషయాన్ని గైడు రెండే వాక్యాలలో ముగించి, పాత జైలు దగ్గర ఉరిశిక్షల కథలకు అరగంట వెచ్చించడం నాకు మింగుడుపడలేదు.

బోర్డు రూము విషయంలోనూ ఇదే తొందర కనిపించింది. పద్దెనిమిదేళ్లకే ఈ ఆసుపత్రిలో హౌస్ సర్జనుగా చేరిన చార్లెస్ హేస్టింగ్స్, 1832 జూలై 19న ఇక్కడే యాభై మందికి పైగా వైద్యులను సమావేశపరచి, లండను బయటి డాక్టర్ల కోసం ఒక సంఘాన్ని నెలకొల్పారు. 1856లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ అని పేరు మార్చుకున్నది ఆ సంఘమే. "నేను ఏటా చందా కట్టేది దీనికేనన్నమాట!" అని మా బావగారు ఆశ్చర్యపోయారు. ఇంగ్లండులో పనిచేసే మన తెలుగు డాక్టర్లలో ఎంతోమందికి పరిచయమైన సంఘమది. ఆయన ఇంకేదో అడగబోయేలోగా గైడు మెట్లు దిగిపోయారు.

1948లో ఈ ఆసుపత్రి, ప్రభుత్వ నిధులతో నడిచే జాతీయ ఆరోగ్య సేవలో (ఎన్‌హెచ్‌ఎస్) చేరడంతో చందాల కాలం ముగిసింది. 2002లో ఆసుపత్రి మూతపడింది, 2010 నుంచి ఆ ఆవరణలో వూస్టర్ విశ్వవిద్యాలయం తరగతులు నడుస్తున్నాయి. ఈ భాగాన్ని గైడు క్లుప్తంగా, సరిగ్గా చెప్పారు.

ఐదుకు మూడున్నర ఇస్తాను. వైద్యరంగంలో ఉన్నవారు తప్పక వెళ్లవచ్చు, పిల్లలకు మాత్రం జైలు కథలు తప్ప మిగతాది విసుగు పుట్టిస్తుంది. సిఫారసు పత్రం నకలును చివర్లో వెనక్కి తీసుకుంటారు కాబట్టి, చేతిలో ఉండగానే ఫోటో తీసుకోండి.