సోమశిల బోటులో ఆరేళ్లు వాడిన కేబుల్ టైలు

మాది కొల్లాపూర్ దగ్గర. కృష్ణ ఒడ్డున సోమశిల రేవులో మాకొక చిన్న మరబోటు ఉంది, డీజిల్ ఇంజిన్‌ది. అన్న నడుపుతాడు, కరెంటు పని నాది. పని అంటే పెద్దగా ఏమీ లేదు. ఒక 12 వోల్టుల బ్యాటరీ, సెల్ఫ్, హారన్, నాలుగు లైట్లు, అడుగున చేరిన నీళ్లు తోడే చిన్న పంపు, సంగమేశ్వరం పోయే జనానికి పాటలు పెట్టే ఆంప్లిఫైయర్. ఈ వైర్లన్నీ ఒక చోట ఉండేట్టు పట్టి ఉంచేది కేబుల్ టైలు. మా దగ్గర షాపులో వాటిని ట్యాగులు అని అడుగుతాం. ఆరేళ్లుగా తెల్లవి, నల్లవి, స్టీలువి అన్నీ వాడాను. ఏవి నిలిచాయో, ఏవి ముంచబోయాయో రాస్తున్నాను.

ముందు మా బోటు ఎట్లాంటి చోట బతుకుతుందో చెప్పాలి. లేకపోతే నా మాటలు మీకు అతిగా అనిపించవచ్చు. శ్రీశైలం డ్యామ్ నిండి 885 అడుగులకు నీళ్లున్నప్పుడు సంగమేశ్వరం గుడి నీళ్ల కింద ఉంటుంది. నీళ్లు దిగిన తర్వాతే గుడి బయటపడుతుంది, జనం వస్తారు. అంటే మా బోటుకు గిరాకీ ఉండేది సరిగ్గా ఎండలు మండే నెలల్లోనే. నీళ్లు వెనక్కి పోయాక బోటును బురద గట్టుకు ఆనించి పెట్టుకోవాలి, చుట్టూ చెట్టు నీడ అనేదే ఉండదు. పొద్దంతా ఎండ, ఇంజిన్ అదురు, కింద తడి. ఇంట్లో మీటరు బోర్డు దగ్గర పదేళ్లు ఉండే ట్యాగు ఇక్కడ ఎన్నాళ్లు ఉంటుందన్నదే ప్రశ్న.

మొదటిసారి నేను తెచ్చింది తెల్ల ట్యాగులు. వంద ముక్కల ప్యాకెట్, చవక. కట్టిన రోజు బోటు లోపల చూస్తే ముచ్చటేసింది. వైర్లన్నీ జడ అల్లినట్టు వరసగా ఉన్నాయి. ఫోటో తీసి స్నేహితులకు పంపాను కూడా. తర్వాత ఒక ఎండాకాలం గడిచింది. తెలుపు కాస్తా పసుపు తిరిగింది. నేను పట్టించుకోలేదు.

ఒక ఆదివారం, బోటు నిండా జనం, నది మధ్యలో ఉన్నాం. హారన్ దానంతట అదే మోగడం మొదలైంది. ఆగదు. మొదట పిల్లలు నవ్వారు. నిమిషం తర్వాత ఎవరూ నవ్వలేదు. ఇంజిన్ మీది చెక్క తీసి చూస్తే మూడు ట్యాగులు విరిగి పడి ఉన్నాయి, వైర్ల కట్ట జారి పొగ గొట్టం మీద వాలింది. హారన్ బటన్ వైరు తొడుగు కరిగి లోపలి రాగి ఇనుముకు తగిలింది. మా హారన్‌కు బటన్ నొక్కితే ఎర్త్ అందుతుంది, కాబట్టి ఆ వైరు ఎక్కడ ఇనుముకు తగిలినా మోగుతుంది. అది హారన్ వైరు కాబట్టి సరిపోయింది. దాని పక్కనే సెల్ఫ్‌కు పోయే లావు వైరు ఉంది. అది కరిగి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ టెన్షనే. బ్యాటరీ వైరు పీకేసి హారన్ ఆపాను. డీజిల్ ఇంజిన్ కాబట్టి బ్యాటరీ లేకున్నా నడిచింది, ఒడ్డుకు చేరాం.

విరిగిన ముక్కలు జేబులో వేసుకుని షాపుకు పోయాను. కొట్లాటకు కాదు, చూపిద్దామని. తప్పు షాపాయనది కాదు, నాది. తెల్ల ట్యాగు ఇంటి లోపల వాడే సరుకు. మంచి ట్యాగులు నైలాన్ 66తో చేస్తారు. ఆ నైలాన్‌కు ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాలు సరిపడవు, దాన్ని మెల్లగా పెళుసెక్కిస్తాయి. నల్ల వాటిలో కార్బన్ మసి కలుపుతారు, అది ఆ కిరణాలను తన మీద వేసుకుంటుంది. అంతే తేడా, కానీ బోటు మీద అదే పెద్ద తేడా. నల్లగా ఉన్నదల్లా అట్లాంటిదే అనుకోవద్దు. కొన్నింటికి ఉత్త రంగు మాత్రమే వేస్తారు. నేను ప్యాకెట్ మీద నైలాన్ 66 అని, యూవీ అని రెండూ రాసి ఉన్నాయా చూస్తాను. తర్వాత ఒక ముక్క తీసి మధ్యకు మడిచి గోటితో గట్టిగా నొక్కుతాను. నాసిరకం అక్కడే తెల్లటి గీత పడి చిట్లుతుంది. షాపాయనకు నచ్చదు, అయినా నొక్కుతాను.

సైజు విషయంలో ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. 3.6 మిల్లీమీటర్ల వెడల్పుది 18 కిలోల దాకా, 4.8ది 22 కిలోల దాకా లాగుడు ఓర్చుకుంటుంది. మన వైర్ల కట్ట బరువు ఎంతని? లైట్ల వైర్లకు మొదటిది, కాస్త లావు కట్టలకు రెండోది, పొడవు 200 మిల్లీమీటర్లు. ఈ రెండు ప్యాకెట్లతో బోటు మొత్తం అయిపోతుంది. సన్నగా 2.5వి ఉంటాయి, అవి స్విచ్ బోర్డు లోపలికి తప్ప నాకు ఎందుకూ పనికిరాలేదు.

నల్ల ట్యాగులకు మారాక బాధలు పోయాయనుకున్నాను. రెండో ఏడు వానల్లో పంపు ఆగింది. తెల్లారి చూస్తే బోటులో మోకాలి లోతు నీళ్లు. ఫ్యూజు బాగుంది, పంపు బాగుంది, వైరు పైకి బాగుంది. ఒక ట్యాగు కోసి చూస్తే దాని కింద తొడుగు నొక్కుకుపోయి చీలి ఉంది, ఆ చీలికలోంచి తడి పోయి రాగి పచ్చగా చిలుం పట్టి పొడి పొడిగా రాలింది. ట్యాగు ఏ తప్పూ చేయలేదు. నేను కటింగ్ ప్లయర్‌తో పట్టి, ఇంక రాదు అనేదాకా గుంజాను. ఇంజిన్ అదురుకు అది రోజూ కొంచెం కొంచెంగా కోసుకుంటూ పోయింది.

దీని మీద మా రేవులో చేపలు పట్టే పెద్దయ్య ఒకాయన అన్న మాట గుర్తుంది. నేను చెమటలు కక్కుతూ ట్యాగులు గుంజుతుంటే చూసి, "ఏందిరా, అట్ల గుంజుతున్నవ్? తీగను కడుతున్నవా, ఎద్దును కడుతున్నవా?" అన్నాడు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. పంపు ఆగిన రోజు ఆ మాట వినబడింది. ఇప్పుడు చేత్తోనే లాగుతాను. బిగించాక కట్టను పట్టుకుని కొంచెం తిప్పితే తిరగాలి, ముందుకు వెనక్కి మాత్రం జారకూడదు. అదే నా కొలత.

ట్యాగులు ఎంత దూరానికి ఒకటి అని అడిగితే మూరకొకటి. బోట్ల వైరింగ్‌లో సాధారణంగా పాటించే లెక్క 18 అంగుళాలు, మన మూర కూడా అంతే. పూలు కొలిచినట్టు మోచేయి పెట్టి కొలుచుకుంటూ పోతాను. ఇంజిన్ దగ్గర మాత్రం జానెడుకొకటి వేస్తాను. పంపు దగ్గరికి దిగే వైరును కొంచెం కిందికి వేలాడేట్టు వదిలి పైకి తిప్పుతాను, తడి అక్కడినుంచి చుక్కలుగా కారిపోతుంది, జాయింటు దాకా రాదు. డీజిల్ పైపుకు మాత్రం వైరు కట్టను. దగ్గరగా ఉందని మొదట నేనూ కట్టాను, అన్న చూసి తిట్టి విప్పించాడు.

అంటించే గమ్ము బిళ్లలు కొనకండి. ట్యాగు దూర్చుకోవడానికి చిన్న చదరపు బిళ్ల, వెనక గమ్ము కాగితం ఉంటాయే, అవి. ఏప్రిల్ రాకముందే ఒక్కొక్కటే ఊడి వేలాడాయి. మా బోటు ఫైబర్‌ది, అడుగు భాగానికి స్క్రూ కొట్టలేం, నీళ్లొస్తాయి. అందుకని లోపలి వైపు సన్న చెక్క రీపర్లు రెసిన్‌తో అతికించి, స్క్రూ బిళ్లలు వాటికి కొట్టాను. లావు బ్యాటరీ వైర్లకు ట్యాగు కూడా కాదు, రబ్బరు లోపలున్న లోహపు క్లిప్పు వేశాను. ట్యాగు వైర్లను కలిపి ఉంచడానికే, బరువు మోయడానికి కాదని అనుకుంటే చాలా తిప్పలు తప్పుతాయి.

స్టీలు ట్యాగులు కూడా తెచ్చాను, 304 రకం. మన కృష్ణ మంచినీళ్లకు అది చాలు, సముద్రం మీదయితే 316 అంటారు. ఇవి పొగ గొట్టం చుట్టూ వేడి తగలకుండా చుట్టే గుడ్డను బిగించడానికి బ్రహ్మాండం. వైరు మీద మాత్రం వద్దు, అంచు కత్తిలా ఉంటుంది.

కత్తి అంటే గుర్తొచ్చింది, ట్యాగు తోక. ప్లయర్‌తో ఏటవాలుగా కోస్తే మిగిలే మొన బ్లేడే. తాడు అందుకోబోయి అన్న ముంజేయి గీసుకున్నాడు, రక్తం కారింది. ఎలక్ట్రానిక్స్ వాళ్లు వాడే చదును కట్టర్ ఉంటే తలకు సమంగా తెగుతుంది. నా దగ్గర లేని రోజున మా ఆవిడ గోళ్ల కట్టర్ వాడాను, అచ్చం అంతే బాగా పనిచేసింది. తర్వాత ఆ గోళ్ల కట్టర్ బోటు డబ్బాలోనే ఉండిపోయింది, ఇంట్లో కొత్తది కొనాల్సి వచ్చింది.

ఇంకొకటి, ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. నైలాన్‌కు తడి కావాలి. రోహిణి కార్తెలో ప్యాకెట్ విప్పి డబ్బాలో పడేస్తే ఎండిపోయి, కట్టేటప్పుడే పుటుక్కున తెగుతాయి. కొత్త సరుకు మోసం అనుకుని ఒకసారి పారేశాను. ఇప్పుడు ప్యాకెట్ మూతి బిగించి పెడతాను. ఎండిపోతే ఒక రాత్రి నీళ్లలో వేస్తాను, మళ్లీ మెత్తబడతాయి. ఎండకు పాడైనవి మాత్రం నానబెట్టినా తిరిగి రావు.

పెద్దయ్య ఇప్పటికీ తన పుట్టిలో టార్చి వైరును వల దారంతోనే కట్టుకుంటాడు. నిజం చెప్పాలంటే అది కోయదు, గీయదు, ఎప్పుడంటే అప్పుడు విప్పుకోవచ్చు. స్విచ్ బోర్డు వెనక నేనూ ఇప్పుడు అదే వాడుతున్నాను. మిగతా చోట్ల నల్ల ట్యాగులే. రెండేళ్లకోసారి శివరాత్రికి ముందు అన్నీ కోసి కొత్తవి వేస్తాను, ఒక పూట పని. పోయినసారి కోసినవాటిలో ఎండకు విరిగింది ఒక్కటీ లేదు. నాలుగు మాత్రం ఎలుక కొరికినవి. చేపల వాసనకు బోటెక్కుతాయి, దానికి ఏ రంగు ట్యాగూ పనికిరాదు.