ఏడాదిన్నరగా ఓపీలో ఏఐ: నా మందుల చీటీని దిద్దే జూనియర్

దిల్‌సుఖ్‌నగర్‌లో నాది చిన్న క్లినిక్. సాయంత్రం ఓపీకి నలభై మంది దాకా వస్తారు. ఏడాదిన్నరగా ఒక ఏఐ మోడల్‌ని పక్కన పెట్టుకుని పేషెంట్లని చూస్తున్నాను. ఏ కంపెనీదో చెప్పను, తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి.

మొదట్లో వాడే పద్ధతి నాకే తెలియలేదు. లక్షణాలు టైప్ చేసి "ఏం జబ్బు?" అని అడిగేదాన్ని. పది పేర్లు చెప్పేది. నాకు తెలియనిది ఒక్కటీ ఉండేది కాదు, పైగా అది ఏదో ఒకటి అనేశాక నా బుర్ర కూడా దాని చుట్టూనే తిరిగేది. ఆ పని మానేశాను. ఇప్పుడు మందులు రాసేశాక, "ఇందులో తప్పేమైనా ఉందా?" అని మాత్రమే అడుగుతున్నాను.

ఇక్కడ దానికి కట్టిన డబ్బు దండగ కాలేదు. గుండె వాల్వు మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్న పెద్దాయన ఒకరు విరేచనాలతో వచ్చారు. రాత్రి తొమ్మిదిన్నర, బయట ఇంకా పదిమంది. మెట్రోనిడజోల్ రాసేశాను. అది వార్ఫరిన్‌ని ఒంట్లోంచి త్వరగా పోనివ్వదు, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే పరీక్ష) పెరిగి రక్తస్రావం కావచ్చు. ఎంబీబీఎస్‌లో చదివిందే. స్క్రీన్ మీద కనబడ్డాక గానీ గుర్తు రాలేదు.

అయితే ప్రతి చీటీకీ ఏడెనిమిది హెచ్చరికలు ఇచ్చేది. మూడో రోజుకే చదవడం మానేశాను. నైరోబీలోని పెండా హెల్త్ క్లినిక్‌లలో ఓపెన్‌ఏఐతో కలిసి చేసిన అధ్యయనం గురించి 2025లో చదివాను. 15 క్లినిక్‌లు, 39,849 విజిట్లు. రోగ నిర్ధారణలో తప్పులు 16 శాతం, చికిత్సలో 13 శాతం తగ్గాయట. అక్కడి టూల్ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు చూపిస్తుంది. ఎరుపు వస్తే డాక్టరు చదవక తప్పదు. నా మోడల్‌కీ అదే నేర్పాను, ప్రమాదం లేకపోతే నోరెత్తొద్దని. అప్పటినుంచి చదువుతున్నాను.

పిల్లల డోసు దగ్గర మాత్రం భయపెట్టింది. పది కిలోల పాపకి పారాసిటమాల్ 150 మి.గ్రా. అని సరిగ్గానే చెప్పి, సిరప్ 4.7 మి.లీ. ఇమ్మంది. అది అమెరికా సీసా లెక్క, అక్కడ 5 మి.లీ.లో 160 మి.గ్రా. ఉంటుంది. "మేడమ్, వాళ్ళింట్లో ఉన్నది 250 సీసా" అని మా సిస్టర్ అంది. అంటే 5 మి.లీ.లో 250 మి.గ్రా., దాంతో అయితే 3 మి.లీ. చాలు. ఆమె అనకపోతే నేనూ దాటేసేదాన్నే.

పేషెంట్ల పేర్లు, ఫోన్ నంబర్లు అందులో పెట్టను. వయసు, బరువు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష), మందులు, అంతే.

మాటలు విని నోట్స్ రాసే సదుపాయం కూడా పెట్టి చూశాను. ఒకావిడ "వేడి చేసింది మేడమ్" అంటే జ్వరం అని రాసింది. ఆవిడ బాధ మూత్రంలో మంట. ఇప్పుడు అలాంటివి నేనే ఇంగ్లీషులోకి మార్చి టైప్ చేస్తున్నాను. ఓపీలో టైమేమీ మిగల్లేదు.